మోర్సింగ్ కిర్రుమంటోందా? ముందు వెలుతురుకు ఎత్తి చూడండి

నోటితో పలికించే వాద్యాల మీద పోయిన సంచికలో ఒక పేజీ వేశాం. దాని మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. ఒకేలాంటివాటిని కలిపి, పొడుగైనవాటిని కుదించి ఇక్కడ ఇస్తున్నాం. తీగల హార్ప్ సంగతి అడిగినవారికి చివర్లో జవాబుంది.

రెండేళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాను. ఈమధ్య చెన్నైలో మోర్సింగ్ కొన్నాను. మీటితే నాదం రాదు సరికదా, కిర్రుమని గీసుకున్నట్టు వస్తోంది. ఒక్కోసారి పంటికి టక్కున తగులుతోంది. లోపం వాద్యంలోనా, నాలోనా?
— ఒక విద్యార్థి, కావలి

ముందు వాద్యాన్ని చూద్దాం. ఇనప వలయం, దాని నుంచి ముందుకు సాగిన రెండు చువ్వలు, ఆ రెంటి మధ్య వలయానికి బిగించిన ఉక్కు రేకు, రేకు కొసన వేలికి అందేలా పైకి తిరిగిన వంపు: మోర్సింగ్ అంటే ఇంతే. దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. రేకుకు రెండు వైపులా సన్నటి వెలుగు గీత కనబడాలి. రెండూ ఒకే మందంలో, మొదటి నుంచి చివరిదాకా తెగకుండా ఉండాలి. ఒక వైపు గీత మాయమైతే రేకు ఆ చువ్వను రాసుకుంటోందన్నమాట, మీరు వింటున్న కిర్రు అదే. గీత మరీ వెడల్పుగా ఉంటే కిర్రు ఉండదు కానీ గాలి శబ్దం ఎక్కువై నాదం పీలగా వస్తుంది. అలాంటిదాన్ని బాగుచేయడం దండగ, కొన్నచోటే మార్చుకోండి.

రేకు ఒక పక్కకు ఒరిగి ఉంటే దాన్ని వంచే పని మీరు పెట్టుకోవద్దు. వేలితో కాస్త నెట్టినా ఆ క్షణానికి సర్దుకున్నట్టే ఉండి, నాలుగు దెబ్బలకు మళ్లీ మొదటికి వస్తుంది. బిగింపు దగ్గర తేడా ఉంటే తయారుచేసినవాళ్లే సరిచేయాలి.

గీతలు రెండూ బాగానే ఉంటే లోపం పట్టులో ఉంది. చాలామంది ఎడమచేత్తో చువ్వల్ని పట్టుకుంటారు. పట్టుకోవాల్సింది వలయాన్ని. చువ్వల్ని నొక్కితే సందు మూసుకుపోయి రేకు ఇరుక్కుంటుంది. వలయాన్ని ఎడమ బొటనవేలికీ చూపుడు, మధ్యవేళ్లకూ మధ్య నిలిపి, చువ్వల్ని ముందుపళ్లకు ఆనించండి. పై చువ్వ పైపళ్లకు, కింది చువ్వ కిందిపళ్లకు ఆనాలి. ఆనాలంతే, కొరకకూడదు. రెండు పళ్ల వరసల మధ్య అర సెంటీమీటరు సందు వదలండి. ఆ సందు లేకపోతే రేకు వెళ్లి పంటికి కొట్టుకుంటుంది. టక్కుమన్నది అందుకే. పెదవులు చువ్వల్ని వదులుగా కప్పాలి, రేకు దాకా రాకూడదు.

ఇక మీటడం. కుడి చూపుడు వేలి కొసతో వంపును మీ వైపుకు తాకించాలి. వేలు కొక్కెంలా మడిచి లాగితే రేకు పక్కకు ఊగి చువ్వకు తగులుతుంది, పోనుపోను వంగిపోతుంది కూడా. కదలాల్సింది మణికట్టు. రేకు ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగాలి. మొదటి వారం మాటలూ సొల్లులూ (తకధిమి లాంటి తాళం పలుకులు) పెట్టుకోకుండా ఒక్కో దెబ్బ నాదం పూర్తిగా ఆగేదాకా వినండి. నోరు 'ఈ' అన్నట్టు పెడితే పై స్వరాలు మెరుస్తాయి, 'ఊ' అన్నట్టు పెడితే లోతుగా గుంయ్‌మంటుంది. రేకు శ్రుతి ఒక్కటే, మారదు. అందులో దాగున్న పై స్వరాల్లో దేన్ని పెద్దది చేయాలో మీ నోటి గుల్ల నిర్ణయిస్తుంది. ఇది చేతికొచ్చాక తకధిమి, తకిట నోట్లోనే, గొంతు కలపకుండా నాలుకతో పలకండి. దెబ్బతో పాటు ఊపిరి వదిలినా, పీల్చినా నాదం పెరుగుతుంది. మృదంగం పాఠం ఉన్నవారు కాబట్టి మీకు సొల్లులు వెతుక్కునే పని లేదు, సగం దారి నడిచేసినట్టే.

మా పిలకాయకు పదమూడేళ్లు. పళ్లకు క్లిప్పులు వేయించాం. మోర్సింగ్ కావాలని ఒకటే పట్టు. వాయిస్తే పళ్లు పాడవుతాయా?
— ఒక తల్లి, నెల్లూరు

క్లిప్పులున్నన్నాళ్లు వద్దేవద్దు. ఇనుము నేరుగా బ్రాకెట్ మీద ఆనుతుంది, రేకు అదురు అంతా అక్కడికే పోతుంది. బ్రాకెట్ ఊడితే మళ్లీ పొగతోట ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సింది మీరే. క్లిప్పులు తీశాక కూడా పంటి డాక్టరును ఒక మాట అడిగి మొదలుపెట్టండి.

పళ్లు మామూలుగా ఉన్నవారికి, సరైన పట్టుతో వాయిస్తే భయం లేదు. పట్టు తప్పితే మాత్రం భయపడాల్సిందే. జర్మనీలో కార్ల్ ఐలెన్‌స్టైన్ (1802–1890) అనే ఆయన మోర్సింగ్‌లాంటి నోటి వీణెలను పదహారింటిని మార్చి మార్చి వాయిస్తూ యూరప్ అంతా కచేరీలు చేశాడు. చివరికి ఆ ఇనుము వల్లే పళ్లు దెబ్బతిని, వాయించడం మానుకుని గిటార్ పాఠాలతో బతికాడు.

అబ్బాయి ఆగలేనంటే ఒక దారుంది. వియత్నాం కొండజాతులు వాయించే 'డాన్ మోయి' అనే ఇత్తడి వాద్యాన్ని పళ్లకు కాకుండా పెదవులకు ఆనించి వాయిస్తారు. ఒకే ఇత్తడి పలకలో రేకును కోసి ఉంటుంది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. శబ్దం చిన్నది, కర్ణాటక కచేరీకి సరిపోదు. కానీ ఊపిరి, నాలుక పనితనం దాని మీదే నేర్చుకోవచ్చు, తర్వాత మోర్సింగ్ చేతికిస్తే తడుముకోడు. ఫిలిప్పీన్స్ వెదురు 'కుబింగ్' కూడా పెదవుల మీద వాయించేదే.

త్యాగరాజ ఆరాధనకు మా బృందంలో ఒక గాయకుడు ఒకటిన్నర శ్రుతికి, ఒక గాయని ఐదున్నరకు పాడతారు. నా దగ్గర ఉన్నది ఒక్క మోర్సింగ్. మైనం పెట్టి శ్రుతి మార్చవచ్చంటారు, నిజమేనా?
— ఒంగోలు

నిజమే, కానీ కిందికి మాత్రమే. రేకు కొసన బరువు పెరిగితే ఊగడం నెమ్మదిస్తుంది, శ్రుతి దిగుతుంది. వంపు మొదలయ్యే చోట లోపలి వైపు తేనెమైనం ఆవగింజంత అంటించి, తంబూరా యాప్ పక్కన పెట్టుకుని వినండి. చాలకపోతే ఇంకో ఆవగింజ. ఒకేసారి ఉండలా పెట్టినవాళ్లు ఆ తర్వాత గీకి తీయడానికి గంట తంటాలు పడతారు. అరశ్రుతి దాకా దించితే నాదం బాగానే ఉంటుంది, ఆపైన మొద్దుబారుతుంది. ఒకటిన్నరకూ ఐదున్నరకూ మధ్య ఉన్న దూరం మైనంతో పూడేది కాదు. రెండు మోర్సింగులు ఉండాల్సిందే. కచేరీలు చేసేవాళ్ల పెట్టెల్లో ఆరేడు ఎందుకుంటాయంటే ఇందుకే. కొనేటప్పుడు కావాల్సిన శ్రుతికన్నా ఒక్క పిసరు ఎక్కువ ఉన్నదే తీసుకోండి. ఎక్కువున్నదాన్ని మైనం దించుతుంది, తక్కువున్నదాన్ని ఎక్కించడం కష్టం.

ఎక్కించాలంటే ఆకురాయితో కొసను అరగదీయాలి. కొస తేలికైతే శ్రుతి పెరుగుతుంది. అదే రేకు మొదట్లో అరగదీస్తే పట్టు సడలి శ్రుతి పడిపోతుంది. మన పౌరాణిక నాటకాల హార్మోనిస్టులు రీడ్లు సరిచేసుకునేదీ ఈ లెక్క మీదే కాబట్టి, తెలియకపోతే ఊళ్లో పాత హార్మోనియం మేస్త్రీ ఉంటే చూపించండి. అరిగిన ఇనుము తిరిగి రాదు, ఒక్కో గీతకు ఒకసారి విని చూడాలి.

ఇంకో మాట. మన ఎండల్లో మైనంతో జాగ్రత్త. కారులో పెట్టి మరిచిపోతే మైనం మెత్తబడి జారుతుంది, తని ఆవర్తనం (కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) మధ్యలో ఊడి పడుతుంది. వేదిక ఎక్కే ముందు మళ్లీ శ్రుతి చూసుకోండి.

సముద్రం పక్కన ఇల్లు. మోర్సింగ్ నెలకే తుప్పు పడుతోంది. ఉప్పుకాగితంతో రుద్దవచ్చా?
— కొత్తపట్నం

చువ్వల లోపలి అంచుల జోలికి ఉప్పుకాగితంతో వెళ్లొద్దు. నాదమంతా ఆ అంచుల పదునులోనే ఉంది. అక్కడ అరిగితే సందు పెరిగి, పైన చెప్పిన గాలి శబ్దం మొదలవుతుంది. వలయం బయటి వైపు ఎంత రుద్దినా నష్టం లేదు.

తుప్పుకు ఉప్పుగాలి సగం కారణమైతే ఉమ్మి మిగతా సగం. వాయించిన వెంటనే పొడి నూలుగుడ్డతో తుడవండి. రేకును కొస వైపుకే తుడవాలి, అడ్డంగా తుడిస్తే గుడ్డ పోగు ఇరుక్కుని వంగుతుంది. తర్వాత వేలికి అంటీ అంటనట్టు కొబ్బరినూనె రాయండి, వాయించే ముందు తుడిచేయండి. కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు, అది నోట్లో పెట్టుకునే వస్తువు. గట్టి మూత ఉన్న డబ్బాలో, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లం ఒకటి వేసి పెట్టండి. జేబులో వేసుకుని తిరగడం అన్నిటికన్నా చేటు.

మా ఊరి కమ్మరి మంచి పనిమంతుడు. మోర్సింగ్ చేయించుకోవచ్చా?
— పొదిలి

వలయం, చువ్వలు చేయగలడు. చిక్కంతా రేకుతో. దానికి స్ప్రింగు ఉక్కు కావాలి, పాత గడియారం స్ప్రింగో రంపం బ్లేడో పనికొస్తుంది. అలవాటు కొద్దీ కొలిమిలో ఎర్రగా కాల్చి అతికిస్తే ఉక్కు పదును దిగిపోతుంది, మీటితే వంగి అలాగే ఉండిపోతుంది. అందుకే రేకును చల్లగానే, వలయం వెనక తీసిన గాడిలో కూర్చి, గాడి అంచుల్ని సుత్తితో కొట్టి బిగించాలి. కొస వంపుకు మాత్రం ఆ చివర ఒక్కటే వేడిచేయవచ్చు. చువ్వలు అప్పటికి కొద్దిగా ఎడంగా ఉండాలి, రేకు బిగించాక వాటిని దగ్గరకు కొట్టుకుంటూ సందు సరిచేసుకోవాలి. మొదటి రెండు మూడు పాడవుతాయని ముందే అనుకుని దిగండి. ఆస్ట్రియాలోని మోల్న్ అనే ఊళ్లో 1679 నుంచే ఈ పనివాళ్లకు ఒక సంఘం ఉందంటే, చూపులకు కనబడేంత తేలిక పని కాదని అర్థమవుతుంది.

బడి పత్రికకు వ్యాసం రాస్తున్నాం. మోర్సింగ్, మౌత్ ఆర్గాన్ వాయించినవారిలో తప్పకుండా చెప్పాల్సినవాళ్లెవరు?
— ఒక ఉపాధ్యాయుడు, కనిగిరి

మోర్సింగ్‌లో తొలితరం పేరు మన్నార్‌గుడి నటేశ పిళ్లై. తర్వాత బెంగళూరులో ఎల్. భీమాచార్, ఆయన దగ్గరే నేర్చుకున్న కూతురు భాగ్యలక్ష్మీ ఎం. కృష్ణ, తమిళనాట శ్రీరంగం కణ్ణన్. రాజస్థాన్‌లో లంగా, మాంగణియార్ అనే జానపద గాయకుల వర్గాలవాళ్లు దీన్నే మోర్చంగ్ పేరుతో వాయిస్తారు. అక్కడ అది పాటకు తోడు, ఇక్కడ తాళవాద్యం. పిల్లలకు రెండూ పక్కపక్కన వినిపించండి, వ్యాసం కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

విదేశాల్లో అయితే రష్యాలోని యాకుతియా. అక్కడ దీని పేరు ఖోముస్, జాతీయ వాద్యం. యాకుత్స్క్‌లో దీనికే ఒక మ్యూజియం ఉంది. స్పిరిడాన్ షిషిగిన్, అల్బినా దెగ్త్యారోవా వాయించింది విన్నవాళ్లు గుర్రం పరుగు, కోకిల కూత, మంచు కరిగి చుక్కలు పడటం ఆ ఒక్క రేకులోనే వింటారు. పైన చెప్పిన ఐలెన్‌స్టైన్‌నూ వదలొద్దు. పదహారింటి శ్రుతులూ ఆయన రేకుల కొసన లక్క అంటించి సరిచేసుకునేవాడు, ఒంగోలు వారికి చెప్పిన మైనం సంగతే. బీతోవెన్‌కు పాఠాలు చెప్పిన ఆల్‌బ్రెక్ట్స్‌బెర్గర్ ఈ వాద్యానికి కచేరీ రచనలు చేశాడు.

మౌత్ ఆర్గాన్‌లో లారీ అడ్లర్ (1914–2001), టూట్స్ థీల్‌మన్స్ (1922–2016) బటన్ ఉన్న క్రోమాటిక్ రకం (బటన్ నొక్కితే అర మెట్టు పెరిగేది) వాయించినవాళ్లు. లిటిల్ వాల్టర్ (1930–1968) పది రంధ్రాల చిన్నదాన్ని మైకుతో కలిపి గుప్పిట్లో పట్టుకుని, ఆంప్లిఫయర్ గరగరనే సంగీతం చేసుకున్నాడు. మనవాళ్లలో మిలన్ గుప్తా, భాను గుప్తా. 1975 నాటి షోలేలో అమితాబ్ వాయిస్తున్నట్టు కనబడేది భాను గుప్తా వాయించిందే. ఆర్.డి. బర్మన్ కూడా సంగీత దర్శకుడు కాకముందు నుంచీ బాగా వాయించేవాడు.

పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ మీద మన రాగాలు పలుకుతాయా? నా దగ్గర 'సి' శ్రుతిది ఉంది.
— కందుకూరు

కొన్ని హాయిగా పలుకుతాయి. 4 నుంచి 7 దాకా రంధ్రాల్లో పూర్తి స్థాయి ఉంది. 4 ఊదితే స, పీలిస్తే రి. 5 ఊదితే గ, పీలిస్తే మ. 6 ఊదితే ప, పీలిస్తే ధ. అందరూ తప్పేది ఆ తర్వాతే: 7లో వరస తిరగబడుతుంది, ముందు పీలిస్తే ని, తర్వాత ఊదితే పై స. ఇది శంకరాభరణం. మ, ని వదిలేస్తే మోహనం, మొదట అదే నేర్చుకోండి.

అదే వాద్యం మీద షడ్జాన్ని మార్చి కూర్చుంటే కొత్త రాగం వస్తుంది. 4 పీల్చినదాన్ని స అనుకుని 8 పీల్చేదాకా వెళ్తే ఖరహరప్రియ. 6 ఊదినదాన్ని స అనుకుని 9 ఊదేదాకా వెళ్తే హరికాంభోజి. శ్రుతిపెట్టెను కూడా ఆ స్వరానికే మార్చడం మరవకండి, లేకపోతే చెవికి శంకరాభరణమే వినబడుతూ ఉంటుంది. 1 నుంచి 3 రంధ్రాల్లో మధ్యమం, ధైవతం లేవు. పీలుస్తూ నాలుక వెనక్కి లాగి స్వరాన్ని వంచితే వస్తాయి, దానికి నెలల సాధన కావాలి.

మాయామాళవగౌళ మాత్రం మామూలుగా దీని మీద రాదు, శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం లేవు. పన్నెండు రంధ్రాల క్రోమాటిక్ కొంటే బటన్ నొక్కగానే ప్రతి స్వరం అర మెట్టు పెరుగుతుంది, అన్నీ అందుతాయి. గమకాలు మాత్రం వయొలిన్‌లా ఆశించవద్దు. సినిమా పాటలకే అయితే ఇరవైనాలుగు రంధ్రాల ట్రెమోలో చాలు. ఒక్కో స్వరానికి కొద్ది తేడాతో రెండు రీడ్లుంటాయి, ఆ తేడా వల్లే వణుకుతున్నట్టు వినబడుతుంది. శుద్ధ శ్రుతి వెతికేవారికి ఆ వణుకే తలనొప్పి.

నాన్నగారి పాత మౌత్ ఆర్గాన్‌లో రెండు స్వరాలు మూగబోయాయి. వేడినీళ్లలో వేయమంటున్నారు.
— బుచ్చిరెడ్డిపాళెం

లోపలి దువ్వెన (రంధ్రాల గదులున్న మధ్య భాగం) చెక్కదైతే నీళ్లు చూపించొద్దు, ఉబ్బి రీడ్ల పలకల్నే ఎత్తేస్తుంది. రంధ్రాలు కిందికి పెట్టి అరచేతి మీద తట్టండి, సగం మూగతనం దానితోనే పోతుంది. పోకపోతే పై రేకుల స్క్రూలు విప్పి, పలకని రీడు కింద సన్నని కాగితం ముక్క జరిపి మెల్లగా లాగండి. పోగో వెంట్రుకో దానికి అంటుకుని వస్తుంది. గుండుసూదితో కెలికితే రీడు గీసుకుపోయి శ్రుతి తప్పుతుంది. ప్లాస్టిక్ దువ్వెనైతే గోరువెచ్చని నీళ్లతో కడిగి ఆరబెట్టొచ్చు. వాయించే ముందు నోరు పుక్కిలించడం అలవాటు చేసుకోండి. టీ తాగి, వక్కపొడి నమిలి వాయించినవాళ్ల మౌత్ ఆర్గానే మా దగ్గరకు ఎక్కువగా వస్తుంటుంది.

క్రిస్మస్ కార్యక్రమానికి మా క్వయర్‌లో హార్ప్ పెట్టాలని ఉంది. ఏది కొనాలి?
— ఒంగోలు

ఆర్కెస్ట్రాల్లో కనబడే పెడల్ హార్ప్ మాట మరిచిపోండి. 47 తీగలు, ఏడు పెడళ్లు, దాదాపు నలభై కిలోల బరువు, లక్షల్లో ధర. ఒక్కో పెడల్‌కు మూడు మెట్లుండే ఈ అమరికకు సెబాస్టియన్ ఎరార్ 1810లో పేటెంటు తీసుకున్నాడు, ఇప్పటికీ అదే నడుస్తోంది. క్వయర్‌కు 22 నుంచి 34 తీగల లీవర్ హార్ప్ సరిపోతుంది. ప్రతి తీగకూ పైన చిన్న మీట, ఎత్తితే అర మెట్టు పెరుగుతుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకు దొరికే 16, 19 తీగల లైర్ చేతిలో ఇమిడేది. ఒకటి రెండు కీర్తనలకు బాగుంటుంది, పెద్ద హాల్లో మైకు లేకుండా వినబడదు.

ఏది కొన్నా నైలాన్ తీగలే అడగండి, మన తేమకు నరం (పేగుతో చేసిన) తీగలు నిలవవు. ఎర్రవి సి, నల్లవి ఎఫ్, మిగతావి వాటి నుంచి లెక్క. కొత్త తీగలు వారం పది రోజులు సాగుతూనే ఉంటాయి, రోజుకు రెండు మూడుసార్లు శ్రుతి చేయాలి. తీగలు తెగేది ఎక్కువగా ఒక పొరపాటు వల్ల: ట్యూనర్‌లో అక్షరం మాత్రమే చూసి, ఒక స్థాయి పైకి బిగించేయడం. పక్క తీగతో పోల్చి విని, కీని కొద్దికొద్దిగా తిప్పండి. కార్యక్రమానికి గంట ముందే హాల్లో పెట్టేయండి, ఏసీ గదిలోంచి నేరుగా తెస్తే శ్రుతి మారిపోతుంది.

గురువు దొరకరని వెనకాడొద్దు. హాస్యనటుడు హార్పో మార్క్స్ తప్పుడు శ్రుతిలో తనకు తానే నేర్చుకుని పేరు తెచ్చుకున్నాడు. గుడ్డివాడైన ఐరిష్ హార్పర్ టర్లో ఓ'కారొలన్ (1670–1738) స్వరాలు ఇప్పటికీ చిన్న హార్పుల మీద మొదటి పాఠాలు. వాటిలో నెమ్మదైనవి క్వయర్‌కూ నప్పుతాయి. ఇక హార్ప్ మనది కాదనుకునేవారు అమరావతి శిల్పాలు చూడండి, విల్లులా వంగిన హార్పును ఒళ్లో పెట్టుకున్న వాద్యగాళ్లు అక్కడున్నారు.

మోర్సింగ్‌కు మైకు ఎంత దూరంలో పెట్టాలి? మావాళ్లు పెదవులకే ఆనిస్తున్నారు.
— ఆత్మకూరు

నోటికి ఐదారు సెంటీమీటర్ల దూరంలో, నేరుగా ఎదురుగా కాకుండా ఎడమ పక్కగా, మీటే చేతికి అడ్డం రాకుండా. ఎదురుగా పెడితే ఊపిరి దెబ్బలు భుస్సుమంటాయి. సౌండ్ మనిషిని బేస్ బాగా తగ్గించమనండి. గాయకుడు నెమ్మదిగా పాడేచోట మైకుకు కొంచెం వెనక్కి జరిగి కూర్చోవడం వాయించేవారి పని, సౌండ్ మనిషిది కాదు.